ఉతికిన జాకెట్టు

మేడ మీద తీగకు వంకాయ రంగు జాకెట్టు వేలాడుతోంది. అది చూసి భువనేశ్వరి చివరి మెట్టు మీదే ఆగిపోయింది. లైనింగు గుడ్డ కోసం టీనగర్ పోయి, తిరుగు బస్సులో సీటు దొరక్క నిలబడి, కోడంబాక్కం వంతెన దగ్గర దిగి ఎండలో నడిచి వచ్చిన మనిషి. చేతిలో సంచి అలాగే ఉంది. ఆ జాకెట్టు ఎవరిదో తెలుసుకోవడానికి దగ్గరికి పోనక్కర్లేదు. వీపు మీద నెమలి, నెమలి మెడకు నీలి పూసలు. ఆ పూసలన్నీ ఆరీ సూదితో గుచ్చింది తానే.

"అత్తా! ఈ జాకెట్టు ఈడికెట్లా వచ్చింది?"

నీళ్ల ట్యాంకు నీడలో పీట వేసుకుని కూర్చున్న పంకజం తలెత్తింది. ముంజేతులకు ఇంకా కుంకుడు నురగ అంటుకుని ఉంది.

"ఎట్లా వస్తాది? పార్సిల్లో వచ్చింది. నువ్వట్లా పోతానే కొరియరోడు ఇట్లా తెచ్చిచ్చినాడు. చంకలో మరక ఉండాది మే. పట్టుగుడ్డ గదా, ముదిరితే పోదని వెంటనే నానబెట్టినా. చూడు, ఎంత బాగా ఉండాదో."

"తెరిచేసినారా? ఉతికేసినారా?"

"ఉతక్కుండా లోపల పెట్టుకుంటారా ఎవరన్నా?"

భువనేశ్వరికి ఏడుపు వచ్చినా బాగుండేది. రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. సంచి నేలకేసి కొట్టింది. లైనింగు గుడ్డ చుట్టలు జారి ట్యాంకు దాకా దొర్లాయి.

"ఎందుకు మే అట్లా విసురుతావు? నేనేం చేసినా?" అంది పంకజం.

ఏం చేసిందో ఆమెకు తెలియదు, అదే అసలు కోపం. వయసులో ఉన్నప్పటి నుంచి సినిమా కాస్ట్యూమ్ కంపెనీల్లో బతికిన మనిషి పంకజం. షూటింగు నుంచి బట్ట తిరిగొస్తే ఆ పూటే ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి, ర్యాకులో తగిలించాలి. రేపు అదే బట్ట ఇంకొకరు కట్టుకుంటారు. ఆ పని మానేసినా చేతులు మానలేదు. తిరిగొచ్చిన బట్ట కనబడితే చాలు, బకెట్టు కోసం వెతుకుతాయి.

అయినా ఇది కాస్ట్యూమ్ కంపెనీ కాదు గదా! ఆన్‌లైన్ అంగడి. ఇక్కడ వాపసు వచ్చిన పార్సిలు ముట్టుకోవాలంటేనే ఒక పద్ధతి ఉంది. ముందు ఫోను స్టాండుకు బిగించాలి. కవరు అన్ని పక్కలా చూపించాలి, లేబులు చదవాలి, టేపు కోయాలి, లోపలిది బయటికి తీసి తిప్పి చూపించాలి. మధ్యలో ఎక్కడా వీడియో తెగకూడదు. అమ్మేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే అందరూ చెప్పేది ఇదే. భువనేశ్వరి ఈ పార్సిలు కోసమే స్టాండు సిద్ధంగా పెట్టుకుని వారమంతా ఇల్లు కదల్లేదు. ఇవాళ ఒక్క పూట కదిలింది.

ఈ జాకెట్టు కొన్నది తొండియార్‌పేట మనిషి, పేరు రాగిణి. అందిన మర్నాడే యాప్‌లో ఫిర్యాదు పెట్టింది, 'వాడిన బట్ట పంపారు' అని. కింద భువనేశ్వరికి ఒక మెసేజీ కూడా రాసింది: "అక్కా, నేను కట్టుకోలేదు. కవరు తెరిచినప్పుడే చంకలో మరక ఉంది."

"అక్కా అంట! అక్క!" అని ఆ రోజే ఫోను మీద నిప్పులు కక్కింది భువనేశ్వరి. కట్టుకుని రిసెప్షనుకో ఫంక్షనుకో పోయి, ఫోటోలు దిగి, చెమట వాసనతో తిప్పి పంపి, పైగా భువనేశ్వరే వాడిన బట్ట పంపిందట! ఎండాకాలంలో ఇంకొకతె ఇలాగే చేసింది. పెళ్లికి కట్టుకుపోయి, చాలలేదని పక్కకుట్లు విప్పుకుని మరీ కట్టుకుపోయి, సైజు తప్పని వాపసు చేసింది. యాప్ వాళ్లు ఆమె మాటే నమ్మారు. ఆ జాకెట్టు మొహం చూడబుద్ధి కాక భువనేశ్వరి దాన్ని కత్తిరింపు ముక్కల మూటలోకి విసిరేసింది.

అప్పుడే యాప్ నుంచి హెచ్చరిక వచ్చింది. ఇంకొక్క ఫిర్యాదులో తప్పు అమ్మినవాళ్లదే అని తేలితే అంగడి మూసేస్తామని. 'భువనా బ్లౌజెస్' అని పేరు పెట్టుకున్న ఆ అంగడి మూతపడితే భువనేశ్వరి పోవాల్సింది మోహన్‌రాజ్ కాస్ట్యూమ్ కంపెనీకి. అక్కడ పని మానేసిన రోజు ఆయన మిషన్ల మధ్య నిలబడి, అందరి ముందర, "పో పో. పండగ లోపల మళ్లీ నా మిషను కాడికే వస్తావు, చెప్పులు బయట విడిచి రా" అన్నాడు. పోను, చచ్చినా పోను అనుకునే కదా ఈ ఇంట్లో మిషను వేసుకుంది!

"ఒరే దేవుడా," అంటూ తీగ మీది జాకెట్టును లాగింది. చంక దగ్గర ఎంత వెతికినా ఏమీ లేదు. అత్త పని అత్త శుభ్రంగా చేసింది.

*

మధ్యాహ్నమంతా ఫోనులోనే గడిచింది. యాప్ హెల్ప్‌లైను పిల్ల గొంతు తీయగా ఉంది. ప్రతి మాటకూ ముందు "మీ బాధ నాకు అర్థమవుతోంది మేడం" అంటోంది.

"అర్థమైతే ఏమన్నా చెయ్యి తల్లీ! ఆమె కట్టుకుని తిప్పి పంపింది."

"పార్సిలు తెరిచిన వీడియో ఉందా మేడం?"

"ప్యాక్ చేసిన వీడియో ఉంది. అది పంపినాను గదా? ఇస్త్రీ మడత చెడకుండా, కొత్తది, టిష్యూ పేపరులో చుట్టి పెట్టింది చూడలేదా మీరు?"

"అది చూశాం మేడం. వాపసు వచ్చినప్పుడు వస్తువు ఎలా ఉందో చూపించే వీడియో కావాలి. రేపు సాయంత్రంలోపు అప్‌లోడ్ చెయ్యకపోతే కొన్నవారి పక్షాన ముగుస్తుంది."

"ఆమె అబద్ధం చెప్తే మీరు నమ్ముతారు. నేను నిజం చెప్తే వీడియో అడుగుతారు. ఇదేం న్యాయం?"

"మీ బాధ నాకు..."

భువనేశ్వరి ఫోను కట్ చేసింది. కట్ చేశాక కూడా ఊరుకోలేదు. ఆ పిల్లను తిట్టింది, యాప్‌ను తిట్టింది, తొండియార్‌పేటను మొత్తంగా తిట్టింది. అవుట్‌డోర్ షూటింగుకు పొల్లాచ్చి పోయిన మొగుడు సతీష్ ఫోను చేస్తే అతన్నీ నాలుగు అంది. రాగిణి పంపిన ఫోటో ఒకటి యాప్‌లో పడి ఉంది. దాన్ని ఇంతవరకూ పెద్దది చేసి చూడలేదు. చూడాల్సిన పనేముంది? దొంగ చూపించే సాక్ష్యం ఎవరికి కావాలి?

పంకజం గడప దగ్గర కూర్చుని అంతా వింటోంది. కోడలి తిట్లు కాస్త తగ్గాక మెల్లగా అడిగింది.

"అయితే వాళ్లకిప్పుడు మరక కావల్నా?"

"కావల్ను. మీరు కడిగేసినారు గదా."

"మరక కావల్నంటే వేస్తాం. దానికేముంది?"

భువనేశ్వరి అత్త మొహం చూసింది. వేళాకోళమేమీ లేదు అందులో. పప్పులో ఉప్పు తక్కువైతే వేద్దామన్నట్టు చెప్పింది.

"పొద్దున్నే ఏసీ కారు దిగి వస్తాది హీరోయిను. కొత్త చీర, కొత్త జాకెట్టు. సీనులో ఏమో పొద్దంతా నాట్లు వేసిందని. చెమట ఎవరు పోస్తారు? మేమే గదా పోస్తా ఉంటిమి," అంటూ పంకజం లేచింది. "ఈ పక్క ఇంత ఉన్నింది, ఆ పక్క ఇంకా తక్కువ. నా కళ్లారా చూసినా. ఉన్నదే గదా వేసేది, లేనిది కాదు."

ఉన్నదే కదా! భువనేశ్వరి పట్టుకున్నది ఆ ఒక్క మాటనే. ఇది అబద్ధం కాదు, పోయిన నిజాన్ని తిరిగి తేవడం. అలా అనుకున్నాక చేతులకు ఎక్కడలేని చురుకు వచ్చింది.

పంకజం టీ డికాక్షను పలచగా కాచింది. అందులో ఉప్పు కరిగించి చల్లారబెట్టింది. చంక కింద మందపాటి పాత తువాలు పెట్టి, దూది ముంచి పిండి, గుండ్రంగా అద్దింది. నడుమ తడి, అంచున ఉప్పు. పైన పలచటి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె తాకీ తాకనట్టు ఆనించింది. గుడ్డ తీసేసరికి అంచున తెల్లటి గీత తేలింది, నిజమైన చెమట ఎండితే తేలేలాంటిదే. మెడ పట్టీకి కొబ్బరినూనె, కొంచెం పౌడరు కలిపి వేలి కొసతో రాసింది. పని చేస్తున్నంతసేపూ ఆమె మొహం విప్పారింది. ఎన్నాళ్లకో తనకు తెలిసిన పని దొరికింది.

"అంతే. ఇంతే ఉన్నింది," అంది వెనక్కి జరిగి.

భువనేశ్వరి ఫోను కెమెరాలో చూసింది. "ఏమీ కనపడలేదు అత్తా. ఇంకొంచెం."

"ఇంత లేదు మే."

"వాళ్లకు కనపడొద్దా? ఇంకొంచెం వెయ్యండి."

పంకజం మళ్లీ అద్దింది. భువనేశ్వరి మళ్లీ చూసింది. చివరికి దూది అత్త చేతిలోంచి తనే లాక్కుంది. ఎండాకాలపు పెళ్లి మనిషి మీద కోపం, మోహన్‌రాజ్ మీద కోపం, తీయటి గొంతు పిల్ల మీద కోపం, అన్నీ ఆ దూదితోనే అద్దింది. నాట్లు కాదు, మూడు పంటలు పండించిన దానిలా తయారైంది జాకెట్టు.

"వాసనకేం చేద్దాం?" అంది భువనేశ్వరి.

"కెమెరాకు ముక్కు ఉండాదా యేంది?" అని పంకజం నవ్వింది. భువనేశ్వరికీ నవ్వొచ్చింది. అంత కోపంలోనూ ఇద్దరూ పడీపడీ నవ్వారు.

చెత్తబుట్టలోంచి పార్సిలు కవరు తీసి, జాకెట్టు లోపల పెట్టి, కోసిన చోట కనబడకుండా వెడల్పు టేపు వేశారు. ఫోను స్టాండుకు బిగించారు. భువనేశ్వరి కవరు అన్ని పక్కలా చూపించింది, లేబులు మీది పేరు పైకి చదివింది, టేపు కోసింది, జాకెట్టు తీసి లోపలిది బయటికి తిప్పింది. తిప్పినప్పుడు ఎవరూ చెప్పకుండానే నోటికి మాటలొచ్చాయి. "చూడండి ఎంత చెమట, ఎంత కంపు! దీన్ని కట్టుకుని తిరిగొచ్చి కట్టుకోలేదంటుంది. ఆడదానికి ఇంత సిగ్గులేకపోతే ఎట్లా?" మొదటిసారికే బాగా వచ్చింది. రెండోసారి తియ్యాల్సిన పని లేకపోయింది.

*

మర్నాడు టిఫిను వేళకే జవాబు వచ్చింది. అమ్మినవారి సాక్ష్యం సరిపోయిందట. కొన్నవారికి డబ్బు వాపసు లేదు, మోసానికి గాను ఆమె ఖాతా నిలిపేశారు. భువనేశ్వరి అంగడి మీదున్న హెచ్చరిక కూడా ఎత్తేశారు. వస్తువును కొన్నవారికే తిప్పి పంపాలని చివర ఒక ముక్క ఉంది.

భువనేశ్వరి ఆ జవాబు ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. చప్పట్లు, పూలగుత్తులు, 'సింహం అక్కా నువ్వు' అని పొగడ్తలు వచ్చిపడ్డాయి. కోడలు ఒంటరిగా నవ్వుకుంటుంటే పంకజం జాకెట్టు మళ్లీ కుంకుడు నురగలో పెట్టింది. తిప్పి పంపేది ఎవరికైనా సరే, మురికి బట్ట గడప దాటకూడదు ఆమెకు. ఎండాక తెచ్చి లోపలిది బయటికి తిప్పి ఇస్త్రీ బల్ల మీద పరిచింది.

"పాపం, ఈ జాకెట్టుకు యోగం లేదు మే," అంది ఇస్త్రీపెట్టె నడుపుతూ. "పోయేది, తిరిగొచ్చేది. ఇది రెండో తడవ."

"రెండో తడవేంది?"

"ఎండాకాలంలో వచ్చింది గదా, పెళ్లికి కట్టుకోనిపోయి పంపినారని నువ్వు ఎగిరితివే, అది. పక్కకుట్టు మళ్లీ వేసింది నేనే. ఇదో ఈడ చూడు, పాత సూది గుంతలు."

భువనేశ్వరి ఫోను బల్ల మీద పెట్టింది.

"దాన్ని ముక్కల మూటలో వేసింటిని."

"పట్టుజాకెట్టును ముక్కల్లో వేస్తారా? నీకు కోపం వస్తే కన్ను కనపడదు. ఉతికి, ఇస్త్రీ చేసి ర్యాకులో పెట్టినా. అప్పుడే చంకలో మరక పూరా పోలేదు, మొండిది. నిన్న వచ్చినప్పుడూ ఆడనే ఉన్నింది."

ర్యాకులో అదే రంగువి, అదే నెమలివి ఓ వరస ఉంటాయి. ఆర్డరు వస్తే పైదాన్ని తీసి, ఇస్త్రీ మడత చెడకుండా, వీడియో ముందర టిష్యూ పేపరులో చుట్టి పంపుతుంది భువనేశ్వరి. మడత విప్పి లోపల చూసింది ఎన్నడు? వీడియో తియ్యడం నేర్చుకుంది గానీ బట్ట చూడడం మానేసింది.

వంగి చూసింది. పక్కకుట్టు వెంబడి గుంతలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన కొత్త దారం, ఒకే కొలతలో పడిన అత్త చేతి కుట్టు. ఫోను తీసి రాగిణి పంపిన ఫోటో అప్పుడు పెద్దది చేసింది. చంక దగ్గర లేత మరక, అంతంతమాత్రం. దాని పక్కన అదే కొత్త దారం కనబడుతోంది.

"నువ్వు దాన్నే పంపినావా?" అంది పంకజం. కోడలి మొహం చూశాక ఆమెకూ తట్టింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి చెంగుతో మూతి ఒత్తుకుంది. "అయ్యో. ర్యాకులో పెట్టినది ఎవరో ఒకరు కట్టుకుంటారనే గదా నేను..."

తిట్టాలని భువనేశ్వరి నోరు తెరిచింది. ఎవర్ని తిట్టాలి? ఇన్నాళ్లూ వేడిగా, చేతికందేంత దగ్గరలో ఉన్న కోపం ఎటు విసరబోయినా తన మీదికే వస్తోంది. ఒళ్లంతా కారం రాసినట్టు మండింది.

హెల్ప్‌లైనుకు ఫోను చేసింది. నిన్నటి పిల్ల కాదు, ఇంకొకతె.

"ఆ ఫిర్యాదులో తప్పు నాదే. నేనే పాతది పంపినా. ఆమె ఖాతా తెరవండి."

"మేడం, ఆ కేసు మీ పక్షానే ముగిసింది. మీరు గెలిచారు."

"గెలవలేదమ్మా. అబద్ధం చెప్పినా."

"అర్థమైంది మేడం. ముగిసిన కేసు తిరిగి తెరవాలంటే ఓడిన పక్షం నుంచి కొత్త సాక్ష్యం రావాలి. మీకు ఇంకేమైనా సాయం కావాలా?"

*

"పోవద్దు మే," అంది పంకజం. మర్నాడు మెట్ల దాకా వెంటవచ్చింది. "డబ్బులు పోస్టులో పంపేద్దాం. కొత్త జాకెట్టు పంపేద్దాం. నువ్వు పోయి నోటితో చెప్తే ఆమె ఊరుకుంటాదా? అంగడి పోతాది. మళ్లీ మోహన్‌రాజ్ కాడికేనా నువ్వు?"

"తెలుసు అత్తా."

"తెలిసి పోతావా?"

భువనేశ్వరి చెప్పులు వేసుకుంది. సంచిలో కొత్త జాకెట్టు ఉంది, ఈసారి మడత విప్పి, ప్రతి కుట్టూ వేలితో తడిమి చూసింది. డబ్బు ఒక కవరులో పెట్టింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఎలా చెప్పాలో కూడబలుక్కుంది. పొరపాటు జరిగింది, ఇంట్లో పెద్దామెకు తెలియక... అక్కడ ఆగిపోయేది. మరక వేసింది పెద్దామె ఒక్కతే కాదు కదా. ఇంకొంచెం, ఇంకొంచెం అన్నది ఎవరు? సిగ్గులేదని నోరు పారేసుకున్నది ఎవరు?

తొండియార్‌పేటలో కంటైనరు లారీల వరస దాటి సందులోకి తిరిగింది. లేబులు మీదున్న ఇంటి నంబరు కింది పోర్షనుది. తలుపు తెరిచిన ఆమె మందుల షాపు నీలం కోటు విప్పుతూ వచ్చింది. భువనేశ్వరి కంటే చిన్నది. కళ్ల కింద నల్లగా ఉంది.

"రాగిణి మీరేనా? నేను కోడంబాక్కం నుంచి వస్తా ఉండా. భువనేశ్వరి."

తమిళంలో మొదలుపెట్టబోయి నోటికి తెలుగే వచ్చింది. తలుపు తీసినామెకు మాట కంటే గొంతు ముందు తెలిసినట్టుంది. చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

"ఈ గొంతు నాకు తెలుసు," అంది రాగిణి. "ఎంత కంపు, ఆడదానికి సిగ్గులేదు. మీరే గదా?"

"వీడియో మీరు చూసినారా?"

"యాప్ వాళ్లే పంపినారు, ఇదో సాక్ష్యం చూసుకో అని. నాకేం భయమని మా ఆయనకు నేనే చూపించినా. అబద్ధం ఎంత బాగా ఆడినారో చూడు అని నవ్వుతా చూపించినా." ఆమె గొంతు తగ్గించింది. లోపల టీవీలో ఏదో మ్యాచి నడుస్తోంది. "ఆయన నవ్వలేదు. అంత చెమట పట్టేదాకా నాకు తెలీకుండా దీన్ని కట్టుకోని యాడికి పోయినావు అన్నాడు. అంతే. అప్పటినుంచి నేను పెట్టిన అన్నం తినడంలేదు."

భువనేశ్వరి సంచిలోంచి కవరు తీసింది. తీసిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆమె కవరు వైపు చూడనైనా చూడలేదు.

"పాతది పంపింది నేనే," అంది భువనేశ్వరి. "మీరు కట్టుకోలేదు. మీ మీద పడేటట్టు చేసినా. తప్పయింది."

రాగిణి మొహంలోకి రక్తం ఎక్కింది. కొట్టినా కొట్టేదే. పిడికిలి బిగించింది, వదిలింది, కోటు జేబులోంచి ఫోను తీసింది.

"తప్పయిందని నా చెవిలో చెప్తే నాకేం ఒరుగుతాది? మీకు వీడియోలో చెప్పడం బాగా వచ్చు గదా. చెప్పండి. యాప్‌కూ పంపుతా, మీ అంగడి పేజీలోనూ పెడతా. అందరూ చూడాల."

మోహన్‌రాజ్ మిషన్ల వరస, చెప్పులు విడిచే గడప భువనేశ్వరి కళ్ల ముందు కదిలాయి. ఇప్పుడైనా వెనక్కి తిరిగి బస్టాపుకు నడవొచ్చు. పట్టుకునేవాళ్లు లేరు. సంచి గడప పక్కన పెట్టి, చెంగు సర్దుకుని నిలబడింది.

"తీయండి," అంది.

రాగిణి ఫోను ఎత్తి పట్టుకుంది.

"నా పేరు భువనేశ్వరి. కోడంబాక్కం. భువనా బ్లౌజెస్ నాది. రాగిణి ఈ జాకెట్టు కట్టుకోలేదు. ఇంకెవరో కట్టుకుని తిప్పి పంపింది, చూడకుండా ఈమెకు నేను పంపినా. నా వీడియోలో కనపడిన మరక చెమట కాదు. ఉప్పు, టీ డికాక్షను. నా చేత్తో నేనే వేసినా."

చెప్పడం అయింది. రాగిణి ఫోను దించలేదు. తల కొంచెం తిప్పి లోపలికి చూసింది. టీవీ శబ్దం తగ్గింది, కుర్చీ జరిగిన చప్పుడైంది గానీ ఎవరూ బయటికి రాలేదు.

"మళ్లీ చెప్పండి," అంది రాగిణి. "ఇంకా గట్టిగా. లోపలికి వినపడాల."

భువనేశ్వరి గొంతు సవరించుకుని మొదటినుంచి మొదలుపెట్టింది.